అరువడిగిన ట్యాబులు

రత్నగిరి రాజ్యంలో రాజులూ ఉండేవారు, ట్యాబులూ ఉండేవి. అదెలాగండీ అని మాత్రం అడక్కండి, కథ ఇక్కడే ఆగిపోతుంది.

ఆ రాజ్యాన్నేలే విక్రమకేతు మహారాజుకి మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. సభలో పొద్దస్తమానం ఒకటే గొడవ. ట్యాబు అనే వస్తువు పనికొచ్చేదా, దండగమారిదా? సగంమంది "పెద్ద తెర, కళ్ళకి హాయి" అంటారు. తక్కిన సగం "జేబులో పట్టదు, ఒళ్ళో నిలవదు, రాసుకుందామంటే మీటలుండవు. అటు ఫోనూ కాదు, ఇటు ల్యాప్‌టాపూ కాదు" అంటారు. తమాషా ఏమిటంటే, తిట్టేవాళ్ళ ఇళ్ళల్లోనూ అదుంది.

అందరికన్నా పెద్ద గొంతు వర్తక మంత్రి ధనుంజయ దత్తుది. ఎర్ర తోలు కవర్లో పెట్టిన ట్యాబు చంకలో లేనిదే ఆయన గుమ్మం దాటడు.

"వాదనలెందుకు ప్రభూ," అన్నాడు దత్తు. "మన పట్నంలో నాలుగిళ్ళకి మూడిళ్ళలో ట్యాబుంది. అక్కర్లేనిదే జనం ఎగబడి కొంటారా? మీ సింహాసనానికీ ఒకటి బిగిద్దాం. వేలితో ఇలా తాకితే చాలు, తాంబూలం వచ్చేస్తుంది. ఇక ఈ గవరయ్యతో పనేముంది?"

గవరయ్య సింహాసనం పక్కనే నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా రాజుగారి తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడ్డ చేతులాయనవి. వేరే పని రాదు.

రాజుగారు విసిగిపోయి ఉన్నారు.

"ఎల్లుండిలోగా ఎవరైనా సరే, వాదన లేకుండా ఈ సంగతి తేల్చండి. తేల్చినవాడికి నా చేతి కంకణం ఇస్తాను. ఎవరూ తేల్చలేకపోతే దత్తు చెప్పినట్టే చేస్తాను."

"నేను తేలుస్తాను మహారాజా," అన్నాడు గవరయ్య.

దత్తు మీసం చాటున నవ్వాడు. "నీకు ట్యాబు ఆన్ చెయ్యడం వచ్చా, గవరయ్యా?"

"రాదండి. అడగడం వచ్చు."

మర్నాడు తెల్లారగానే గవరయ్య ఒక ఎడ్లబండి కట్టించుకుని బయల్దేరాడు. మొట్టమొదట ఆగింది దత్తుగారి పెరటి గుమ్మం దగ్గర. మంత్రిగారింకా పడక దిగలేదు. అక్కడ అమ్మగారితో ఏం మాట్లాడాడో కాస్త ఆగి చెప్తాను, తొందరపడకండి.

ఆ తరవాత వీధి వీధీ తిరిగాడు. ప్రతి ఇంట్లోనూ ఒకటే అడిగాడు.

"అమ్మా, మీ ఫోను ఒక్కరోజు అరువిస్తారా?"

"అమ్మమ్మా, ఇంకేమన్నా ఉందా? పాలవాడు చేస్తాడు, మా ఆడపడుచు చేస్తుంది."

"పోనీ, అబ్బాయిగారి ల్యాప్‌టాపు?"

"వాడి ఉద్యోగం ఊడుతుంది నాయనా."

"అయితే ట్యాబు?"

"ఓ, తీసుకెళ్ళు. ఏమే, ఎక్కడుందే అది? బీరువా మీదుందేమో చూడు."

చూసేవారు. దుమ్ము దులిపి ఇచ్చేవారు. ఒకావిడైతే పెసరపప్పు డబ్బా మీంచి తీసిచ్చి, డబ్బాకి మూత వెతుక్కుంది.

మూడోరోజు సభ నిండుగా ఉంది. గవరయ్య బండిని మండపం ముందు నిలబెట్టి పట్టా లాగాడు. రెండు వందల ట్యాబులు, చేపల బుట్టలో పరిగెల్లా మెరిశాయి.

"ఫోన్లు ఎన్ని దొరికాయి?" అన్నారు రాజుగారు.

"ఒక్కటీ దొరకలేదు మహారాజా. వస్తువు విలువ కొన్నప్పుడు తెలీదు. పక్కవాడు అరువడిగినప్పుడు తెలుస్తుంది."

"అంటే ఎవరికీ అక్కర్లేదంటావు."

"అలా అంటే పాపం వస్తుంది. నేతవీధి సుబ్బాయమ్మ నన్ను గుమ్మంలోంచే పంపించేసింది. ఆవిడకి చూపు తగ్గింది. దాన్లో అక్షరాలు శనగగింజలంత చేసుకుని చదువుకుంటోంది. 'కావాలంటే నా గేదెని తోలుకుపో, ఇది మాత్రం ఇవ్వను' అంది. కొన్నవాళ్ళు వేలమంది. నిజంగా అది కావలసినవాళ్ళు మాత్రం సుబ్బాయమ్మ లాంటి ఏ కొద్దిమందో."

దత్తు లేచాడు. ఎర్ర కవరుని గుండెకి అదుముకున్నాడు.

"సుబ్బాయమ్మ ఒక్కతేనా? నన్నడుగు, నేనూ ఇవ్వను. నిన్నంతా దీనిమీదే పని చేశాను. ఇవాళ కూడా రెండు గడియలు చూసుకునే సభకొచ్చాను. ఇది లేనిదే నాకు పూట గడవదు."

రాజుగారు ముక్కు ఎగబీల్చారు. "నిన్నటినుంచీ అడుగుదామనుకుంటున్నాను. సభలో ఈ ఉల్లిపాయ వాసనేమిటి?"

"మంత్రిగారు కవరు తెరిస్తే తెలుస్తుంది ప్రభూ," అన్నాడు గవరయ్య.

దత్తు ఠీవిగా కవరు తెరిచాడు. లోపల ట్యాబు లేదు. కూరలు తరిగే చెక్క ఉంది. దాని అంచుకి ఒక ఉల్లిపొర కూడా అంటుకుని ఉంది.

"మీ ట్యాబు నిన్న పొద్దుటి నుంచీ నా బండిలోనే ఉంది మంత్రిగారూ. అమ్మగారే ఇచ్చారు. ఖాళీ కవరు చూస్తే మీకు అనుమానం వస్తుందేమో అన్నాను. 'ఆయన తెరిస్తే కదా గవరయ్యా' అని ఈ చెక్క దోపారు."

సభ అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది. గవరయ్య చెయ్యెత్తి, ఇంకో ముక్క ఉందన్నట్టు ఆగాడు.

"ట్యాబు నెల్లాళ్ళు ఉంచుకోమన్నారండీ. చెక్క మాత్రం ఇవాళ సాయంత్రంలోగా పంపెయ్యమన్నారు, అది లేక నిన్నటినుంచీ వంట సాగడం లేదట."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వుతూనే కంకణం తీసి గవరయ్య చేతికి తొడిగారు. నవ్వీ నవ్వీ నోరెండిపోయి, తాంబూలం కోసం ఆ చెయ్యే ఇటు చాపమని సైగ చేశారు.

అన్నం సహించని ఆ అయిదు రోజుల్లో ఆయన వేసుకున్న మొదటి తాంబూలం అదే.