వాగులో ఆగిన మోటారు

దొరగారి కొత్త మోటారును చూసి ఊరంతా నోరు తెరిచేది. ఆ వింతబండి దారిలో ఉన్నంతసేపూ పశువేదీ దారెక్కకూడదని దొరగారు దండోరా వేయించారు. పాపం, గేదెలు మేతకు ముళ్లలోంచి పోయేవి.

ఓ వానపూట, పశువులు కాసే పైడమ్మ వద్దంటున్నా, దారికి అడ్డంగా పొంగే వాగులోకి దొరగారు మోటారు దింపారు. నడివాగులో ఇంజను ఆగింది. ఎంత తిప్పినా దగ్గిందేగానీ రాజుకోలేదు. నీళ్లు సీటుదాకా వచ్చాయి.

"పైడమ్మా, నీ దున్నపోతును తోలుకురావే!"

పైడమ్మ వినయంగా చేతులు కట్టుకుంది. "ఎలా తెచ్చేది దొరా? మోటారింకా దారిలోనే ఉంది కదా!"

"ఆ ఆజ్ఞ రద్దు! ఇక ఎప్పటికీ రద్దు!"

తాడు కట్టగానే దున్నపోతు దొరతోసహా మోటారును ఒడ్డుకు లాగేసింది. ఊరు మళ్లీ నోరు తెరిచింది, ఈసారి దున్నపోతును చూసి. దొరగారు తెరిచిన నోరైతే ఇంటికెళ్లేదాకా మూతపడలేదు.