ఊకబుట్టలో వెచ్చటి మూట

అనగనగనగా, సముద్రం పక్కన ఒక ఊళ్ళో పేరిందేవి అని ఒకావిడ ఉండేదట. నోరు పెద్దది, మనసు మెత్తన. ఆవిడ మొగుడు బంగారయ్యకి చేప లేనిదే ముద్ద దిగేది కాదు. అలాంటివాడు, పడవ మీద వెళ్ళిన కొడుకు తుఫానులో చిక్కుకుంటే, వాడు క్షేమంగా వస్తే చచ్చేదాకా చేపా మాంసమూ ముట్టనని అప్పన్నస్వామికి మొక్కేసుకున్నాడు. కొడుకు వచ్చాడు. మరి మొక్కు మొక్కే కదా! ఊ కొడుతున్నారా?

ఆ రోజునుంచీ ఆయనకి తిండి సయించలేదు. పప్పు పెడితే పక్కకి తోస్తాడు, పచ్చడి వేస్తే పళ్ళెం జరుపుతాడు, కూర వడ్డిస్తే కడుపు నిండిందంటాడు. తోసీ తోసీ, జరిపీ జరిపీ, మనిషి చిక్కి సగమయ్యాడు. మంచం దిగితే కాళ్ళు వణికేవి. ఆయన్ని చూస్తే పేరిందేవికి ఏడుపొచ్చేది. ఏడవడం చేతకాక అందర్నీ తిట్టేది. నాలాగేలే, నవ్వకండి!

ఆ ఇంటి కొత్త కోడలు తాయారు. వాళ్ళ నాన్న తూర్పు దీవులకి ఓడ నడిపినవాడు. ఆ దీవుల్లో టెంపే అని ఒకటి వండుతారట, అది తాయారు వాళ్ళింట్లో అందరికీ వచ్చు. మామగారికి చేసిపెడదామనుకుంది. చెబితే అత్త వద్దంటుందేమోనని చెప్పకుండా మొదలెట్టింది. అదిగో, అక్కడే తప్పు చేసింది. సోయా చిక్కుడు గింజలు నానబెట్టి, పొట్టు తీసి, ఉడకబెట్టి, తడి ఆరనిచ్చింది. మనం పాలకి మజ్జిగ తోడేస్తామే, అలాగ పుట్టింటి నుంచి తెచ్చుకున్న, పాత టెంపే తోడు అంటించి ఎండబెట్టిన ఆకు నలిపి వాటికి తోడేసింది. అరిటాకులో చుట్టి, పాత చీరముక్కలో మూటగట్టి, ఊకబుట్టలో దాచింది.

ఒకటి రెండు రోజులు పోయాక, తాయారు నీళ్ళకి వెళ్ళినప్పుడు, పేరిందేవి పొయ్యిలోకి ఊక తీద్దామని బుట్టలో చెయ్యి పెట్టింది. మూట తగిలింది. పట్టుకుంటే వెచ్చగా, జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్ళులాగ! పొయ్యి దగ్గర లేదు, ఎండ తగల్లేదు, ఎక్కడిదమ్మా ఈ వేడి? విప్పితే ఎండాకు నలుసులు, తెల్లటి బూజు. ఇది చేతబడే, నా మొగుడు అందుకే చిక్కిపోతున్నాడు అనుకుంది.

బిందెతో వచ్చిన కోడల్ని గుమ్మంలోనే ఆపేసి, నువ్వూ నీ మూటా ఇప్పుడే మీ పుట్టింటికి పొండి అని కేకలేసింది. పాపం, తాయారు బిందె అక్కడే కింద దించింది.

"అత్తయ్యా, అవి చిక్కుడు గింజలే. తోడు పడితే వాటంతటవే వేడెక్కుతాయి. ముందు నేను తింటాను. నాకేమన్నా అయితే మీరన్నదే నిజం" అంది.

పేరిందేవి ఆ పిల్లని లోపలికి రానిచ్చి, తను గుమ్మంలోంచి కదలకుండా చూస్తూ నిలబడింది. బూజు పట్టి గింజలన్నీ గట్టి అచ్చులా అతుక్కుపోయాయి. ఇలా తెల్లగా పడితే మంచిదిట, రంగులు తిరిగితే పారేస్తారట. తాయారు దాన్ని ముక్కలు కోసి, ఉప్పూ కారం పసుపూ చింతపండు గుజ్జూ పట్టించి మూకుట్లో వేయించింది. చుయ్యిమంటే చుయ్యిమని వేగాయి. అత్త కళ్ళముందే ఒకటి తింది, ఇంకోటి తింది. మిగతావి పులుసులో వేసింది.

ఆ వాసనకి బంగారయ్య గోడ పట్టుకుని వచ్చేశాడు. ఏంటమ్మా అది అని అడిగాడు. గింజలే మామయ్యా, మీ మొక్కుకి భంగం లేదు అంది తాయారు. ఆయన పీట వాల్చుకుని కూర్చున్నాడు. పేరిందేవి చెయ్యి అడ్డం పెట్టబోయింది గానీ, ఆయన అప్పటికే ముక్క నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ నమిలాడు. పులుసులో ముక్క పంటికి తగిలి ఎన్నాళ్ళయిందే, అన్నాడు. పళ్ళెం ఖాళీ చేసి, మారు వడ్డించమన్నాడు.

ఆ మాట విని పేరిందేవి భోరుమంది. గరిటె పట్టుకుని ఏడుస్తూనే వడ్డించింది. ఆ ఇంట్లో కోడలు అందరూ తిన్నాక తినాలి. ఆవేళ పేరిందేవి మొగుడి పక్కనే ఇంకో పీట వేసి, తాయారుని చెయ్యిపట్టి కూర్చోబెట్టింది. "నా నోరు పడిపోను, తినవే తల్లీ" అంది. ఆ పిల్ల చాలు చాలంటున్నా వడ్డిస్తూనే ఉంది.

అంచేత పిల్లలూ, తెలీనిది కనబడితే విసిరెయ్యకండి, ముందు అడగండి. మంచి చేసేవాళ్ళు కూడా చెప్పి చెయ్యండి. కథ కంచి దారి పట్టింది, ఇక మనం దుప్పట్లో దూరదాం.