తుక్కు విలువ

పొరుగు రాజ్యపు కార్ఖానా వాళ్లు, తమ దగ్గర కొన్న పాత చెరకు గానుగ తిరిగిచ్చినవారికి కొత్తది సగం ధరకే ఇస్తామన్నారు. బెల్లం వండే సింగరమ్మ అలాగే మార్చుకుని వస్తుంటే, సరిహద్దులో సుంకాధికారి బండి ఆపాడు.

"దీని ధర వంద వరహాలు. వందకూ సుంకం కట్టు. లేదంటే గానుగ ఇక్కడే ఉంటుంది."

గానుగ ఆగితే కోసిన చెరకంతా ఎండిపోతుంది.

"నేనిచ్చింది యాభై వరహాలే దొరా. మిగతా సగానికి పాత గానుగ ఇచ్చాను. దాని సుంకం అది కొన్ననాడే కట్టాను."

"ఆ తుక్కు యాభై వరహాలు చేస్తుందా? చిల్లిగవ్వ చెయ్యదు!"

"అయితే కొత్తది నాకు యాభైకే వచ్చినట్టు. యాభైకే సుంకం రాయండి."

అధికారి గడ్డం గోక్కుని, యాభైకే ముద్ర వేశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మా బావమరిదికీ ఒక గానుగ కావాలి. అలాంటి తుక్కు ఇంకోటి దొరుకుతుందా?"

"మా అక్క దగ్గరుంది దొరా. నలభై వరహాలకైతే ఇస్తుంది."