ఆముదపు కాడ

ఓబులేసుకు మద్దిలేటి మీద అనుమానం పుట్టి అప్పటికి పదకొండు రోజులు. గంటె పట్టుకున్నా అదే ధ్యాస, చీపురు పట్టుకున్నా అదే ధ్యాస. పొద్దున్నే కళ్లు మూసుకుని కూర్చుంటే దేవుడు కనపడాల్సిన చోట మద్దిలేటి మీసాలు కనపడుతున్నాయి.

ఓబులేసు ఉండేది బుడన్ షా తాత కొండ మీద. కొండ పెద్దదేమీ కాదు, నూటపన్నెండు మెట్లు. పైన ఒక సమాధి, పక్కన రేకుల వంటపాక, తాత కూర్చునే అరుగు. తాత ఫకీరు. సమాధి ఆయన గురువుది. ఏ మతంవాళ్లు వచ్చినా ఆయన్ని తాత అనే పిలుస్తారు. మధ్యాహ్నం పూట ఎవరు మెట్లెక్కి వచ్చినా సంగటో అన్నమో పెడతారు. నువ్వెవరు, ఏం చేస్తావు అని అడగరు. గురువు కాలం నుంచీ అదే పద్ధతి.

ఆ అడగడమేదో మొదలుపెట్టింది ఓబులేసే.

అతను అంతకుముందు వేరుశనగ మార్కెట్లో హమాలీ. బస్తా వీపున వేసుకుని లారీ మీదికి పలక ఎక్కుతుంటే పక్కవాళ్లు పని ఆపి చూసేవాళ్లట. ఈ మాట చెప్పింది కూడా ఓబులేసే. రెండేళ్ల కింద మొక్కు తీర్చుకోవడానికి వచ్చి తాత కాళ్ల దగ్గర ఉండిపోయాడు. ఉపదేశం ఇమ్మని అడిగాడు. తాత "నీళ్లు తేపో నాయనా" అన్నాడు. కొండ కింద దిగుడుబావి నుంచి రెండేళ్లుగా నీళ్లు తెస్తూనే ఉన్నాడు. ఉపదేశం మాత్రం ఇంకా రాలేదు.

అట్లా నీళ్లు మోస్తూ మోస్తూ ఒక పద్ధతి కనిపెట్టాడు. ఒంట్లో సత్తువ ఉన్నవాడు ఎవడైనా సరే, అన్నానికి వచ్చేటప్పుడు ఒక కడవ నీళ్లు తేవాలి. ముసలివాళ్లకు, చంటిపిల్లల తల్లులకు మినహాయింపు. తాతకు చెబితే "ఊ" అన్నాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాడు ఓబులేసు. నెల తిరిగేసరికి తొట్లు నిండుగా ఉండసాగాయి. ఆ తొట్ల వైపు చూసినప్పుడల్లా అతనికి మీసం మెలేయాలనిపించేది. సాధనలో ఉన్నవాడు కాబట్టి మెలేసేవాడు కాదు.

అప్పుడు వచ్చాడు మద్దిలేటి.

ముప్పై అయిదేళ్లుంటాయి. వెడల్పాటి భుజాలు, పెద్ద చేతులు. ఎవరు చూసినా పనిమంతుడనే అనుకుంటారు. అయితే కడవ ముట్టడు. అందరూ నీళ్లు మోసి, చేతులు కడుక్కుని పంక్తిలో కూర్చున్నాక తీరిగ్గా వస్తాడు. ఏమయ్యా ఇంత ఆలస్యం అంటే "అట్లనే" అంటాడు. మళ్లీ గుచ్చి అడిగితే ఒక నవ్వు. రెండు మాటలు కలిపి మాట్లాడితే ఎక్కడ కిరీటం జారిపోతుందోనన్నట్టు ఉంటాడు.

మూడో రోజు ఓబులేసు పైనుంచి కాపు కాశాడు. మద్దిలేటి పదకొండింటికే కొండ మొదట్లో ఉన్నాడు. నాలుగు మెట్లెక్కి ఆగాడు. చెట్లు చూశాడు. ఇంకో నాలుగెక్కి ఆగాడు. నలభయ్యో మెట్టు పక్కన ఒక చదును బండ ఉంది. దాని మీద కూర్చున్నాడంటే కూర్చున్నాడే. కడవలు మోసేవాళ్లంతా ముందునుంచే పోతున్నారు. చివరి కడవ పైకి వచ్చేదాకా ఉండి, అప్పుడు లేచాడు.

"దొంగ," అనుకున్నాడు ఓబులేసు. "పని అయిపోయేదాకా దాక్కుంటాండాడు."

అతని చేతిలో ఎప్పుడూ చుట్టచుట్టిన తువ్వాలు ఒకటి ఉంటుంది. బండ మీద కూర్చున్నప్పుడు అటు తిరిగి, తువ్వాల్లోంచి ఏదో తీసి ముఖం దగ్గర పెట్టుకుంటాడు. ఎవరైనా వస్తే గబుక్కున చుట్టేస్తాడు. గంజాయే అయి ఉండాలి. తాత కొండ మీద గంజాయి.

ఆరో రోజు ఉప్పు తెస్తానని చెప్పి ఓబులేసు కిందికి దిగి, దారి చుట్టు తిప్పుకుని మద్దిలేటి ఇంటి ముందునుంచి పోయాడు. పొద్దున తొమ్మిది గంటలు. ఊరంతా చేలల్లో ఉంది. ఈయన గుడిసె ముందు నులక మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. పెళ్లాం కొడవలి చంకలో పెట్టుకుని కూలికి బయల్దేరుతోంది.

"ఏమ్మా, మీ ఆయన పనికి పోడా?"

ఆమె ఓబులేసును కిందినుంచి పైదాకా చూసింది. "ఆయన్నే అడుగు సామీ," అని నడక పెంచింది.

ఇంకేం కావాలి. పెళ్లాం రెక్కల కష్టం పొద్దున, తాత సంగటి మధ్యాహ్నం. దర్జాగా బతుకుతున్నాడు.

ఓబులేసుకు అంతుపట్టనిది ఒక్కటే, తాత. మద్దిలేటి రాగానే తాత జరిగి తన పక్కన ఇస్తరాకు వేయిస్తాడు. అతను సగం తిని సగం ఊరికే కలుపుతూ కూర్చుంటే, లేవకుండా తానూ ఆకు ముందే కూర్చుంటాడు. రెండేళ్లుగా నీళ్లు మోస్తున్నవాడి పక్కన తాత ఒక్క రోజు కూడా అట్లా కూర్చోలేదు. వీళ్లిద్దరి మధ్య ఏదో ఉందని ఓబులేసుకు ఒక క్షణం అనిపించింది. గురువునే అనుమానించినందుకు వెంటనే చెంపలేసుకున్నాడు. అనుమానం మాత్రం పోలేదు.

పదకొండో రోజు బేస్తవారం. జనం ఎక్కువ. మద్దిలేటి చివరి మెట్టు ఎక్కేసరికి ఓబులేసు ఖాళీ కడవతో ఎదురుగా నిలబడ్డాడు.

"ఈ పొద్దు కడవ తెస్తేనే ఆకు," అన్నాడు.

పంక్తిలో ఉన్నవాళ్లు తలలెత్తి చూశారు. మద్దిలేటి కడవ వైపు చూశాడు. తర్వాత తానెక్కి వచ్చిన మెట్ల వైపు చూశాడు.

"కుశాలకు కూచుండేవాళ్లకు ఈడ కూడు లేదప్పా. పెండ్లాన్ని అడిగి పెట్టించుకో," అన్నాడు ఓబులేసు, ఇంకొంచెం గట్టిగా.

"సరే అన్నా," అన్నాడు మద్దిలేటి. గోడ పట్టుకుని కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి దిగిపోయాడు.

ఓబులేసు గెలిచినవాడిలా వచ్చి తాతకు జరిగింది చెప్పాడు. తాత కోప్పడలేదు. ఎదురుగా వేసిన తన ఇస్తరాకును మడిచి, పక్కకు పెట్టాడు.

"నాకు ఈ పొద్దు వద్దులే," అన్నాడు.

ఓబులేసు తిన్నాడు. అయితే ముద్ద ముద్దకూ నీళ్లు తాగాల్సి వచ్చింది.

మర్నాడు పన్నెండు కావస్తుండగా తాత అతన్ని వంటపాక వెనక్కి పిలిచాడు. గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట ఆముదం చెట్లు ఏపుగా పెరిగి ఉన్నాయి. తాత ఒక ముదురాకు కాడతో సహా విరిచాడు. ఆకు తుంచేసి, కాడ రెండు చివరలూ గోటితో గిల్లి, ఒక కన్ను మూసి దాంట్లోంచి ఆకాశాన్ని చూశాడు. లోపల గుల్ల బాగానే ఉన్నట్టుంది.

"నోట్లో పెట్టుకో."

పెట్టుకున్నాడు. తాత దీపాల వత్తులకు ఉంచిన దూది తీసి రెండు ఉండలు చేసి, అతని ముక్కులో ఒక్కోవైపు కుక్కాడు.

"ఇంక ఊపిరి ఈ కాడలోనించే. నోరు తెరవాకు. పోయి ఒక కడవ తీసుకురా."

ఓబులేసుకు ఒళ్లు పులకరించింది. ఊపిరి సాధన. పెద్ద పెద్ద యోగులు చేసేది. రెండేళ్లకు తాత మనసు కరిగింది, బహుశా నిన్న కొండకు పట్టిన దొంగను వదిలించినందుకే. మాట్లాడకూడదు కాబట్టి తాత కాళ్లకు మొక్కి, కడవ తీసుకుని బయల్దేరాడు.

దిగేటప్పుడు ఇబ్బందేమీ లేదు. ఇంతేనా అనుకున్నాడు. కడవ నింపి భుజానికెత్తుకున్నాడు.

పది మెట్లు బాగానే గడిచాయి. ఇరవయ్యో మెట్టు దగ్గర కాడ సన్నగా ఈల వేయడం మొదలుపెట్టింది. ముప్పైకి ఎంత పీల్చినా అడుగంటిన కడవలోంచి నీళ్లు తోడినట్టే ఉంది. ఇంకా గట్టిగా పీల్చాడు. ఛాతీ మీద ఎవరో బస్తా పెట్టి కూర్చున్నట్టయింది. కాళ్లు బాగున్నాయి. వీపు బాగుంది, భుజమూ బాగుంది. పైకి మాత్రం పోలేకపోతున్నాడు. నలభయ్యో మెట్టు మీద కళ్లకు చీకటి కమ్మింది. కడవ ఎట్లా దించాడో తెలియదు, పక్కనున్న బండ మీద కూలబడ్డాడు.

కాడ తీసిపారేద్దామని చెయ్యి పైకి లేచింది. తాత ఇచ్చిన సాధన. చెయ్యి దించుకున్నాడు.

కింది నుంచి ఇద్దరు ఆడవాళ్లు నెత్తిన కడవలతో వస్తున్నారు.

"చూడక్కా, దున్నపోతు మాదిరి ఉండాడు. కడవ పక్కన పెట్టుకుని ఎట్ల కూచున్నాడో."

"ఒళ్లు వంగొద్దూ. మన మాదిరా," అంది రెండో ఆమె.

జవాబు చెప్పాలంటే ఊపిరి కావాలి. అతని దగ్గర లేదు. ముఖం అటు తిప్పుకున్నాడు. పొగరు కూడానే, అని వెళ్లిపోతూ అనుకోవడం వినపడింది. అప్పుడు చూసుకున్నాడు తాను ఎవరి బండ మీద కూర్చున్నాడో.

కింది మెట్ల మీద మద్దిలేటి కనపడ్డాడు. నాలుగు మెట్లెక్కి ఆగుతున్నాడు. చెట్ల వైపు చూస్తున్నాడు, పెదాలు ముడిచి ఊదుతూ. ఒక చేతిలో తువ్వాలు. ఇంకో చేతిలో మూతికి గుడ్డ కట్టిన చిన్న చెంబు.

బండ దగ్గరికి వచ్చి ఓబులేసు పక్కన కూర్చున్నాడు. నోట్లో కాడ చూశాడు, ముక్కులో దూది చూశాడు. నవ్వలేదు.

"తాత పెట్టినాడా?"

ఓబులేసు తల ఊపాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కాడ ఈల వేస్తూనే ఉంది.

"గుంజాకు. గుంజితే రాదు." మద్దిలేటి అతని వీపు మీద చెయ్యి వేశాడు. "ముందు ఊదు. లోపలుండేదంతా. ఇంకా. ఊదితే అదే వస్తాది."

ఓబులేసు ఊదాడు. నిజంగానే వచ్చింది, కొంచెం.

"అంతే. మెల్లగా. చెట్టును చూడు. మెట్లను చూడాకు."

మద్దిలేటి తువ్వాలు విప్పాడు. లోపల చిన్న గుడ్డ మూట. వాము, కర్పూరం. ఓబులేసు ముక్కు దగ్గర పెట్టబోయి, దూది గుర్తొచ్చి మళ్లీ చుట్టేశాడు.

ఇద్దరూ కాసేపు చెట్టును చూశారు.

"పలుగురాళ్లు పిండి కొట్టే మిల్లులో చేసినా," అన్నాడు మద్దిలేటి. ఊదాడు. "ఏడేండ్లు. తెల్లగా లేస్తాది పొడి, పిండి మాదిరి." మళ్లీ ఊదాడు. "అది లోపలికి పోయి ఆడనే ఉండిపాయ. ఆరుగురం చేరినాం పనికి. ఇద్దరమే మిగిలినాం."

ఓబులేసు అతని వైపు తిరిగాడు. నోట్లో కాడ ఉంది, అడగడానికి లేదు. అయినా మద్దిలేటికి ప్రశ్న అర్థమైంది.

"చెప్తే టీబీ అంటారన్నా. పంక్తిలో పక్కన కూచోరు. పనిదొంగ అంటే పక్కన కూచునే తిడతారు. నాకు ఇదే నయం."

ఓబులేసు చెంబు వైపు చూశాడు.

"కడవ నాతో కాదు. దీంతో అయితే పొద్దున్నే బయల్దేరినా," అన్నాడు మద్దిలేటి.

ఓబులేసు చెయ్యి చాచాడు, తాను మోస్తానన్నట్టు. మద్దిలేటి చెంబును ఇటు పక్కకు జరుపుకున్నాడు.

"నేనే తేవాల కదన్నా. నువ్వే చెప్తివి."

ఆ మాటలో దెప్పిపొడుపు ఏమీ లేదు. ఉంటే ఓబులేసుకు తేలికగా ఉండేది.

మిగిలిన డెబ్బై రెండు మెట్లూ ఇద్దరూ కలిసి ఎక్కారు. నాలుగు మెట్లకొకసారి ఆగారు. ఎవరు ముందు ఆగారో చెప్పడం కష్టం. పైకి వచ్చేసరికి పంక్తి లేచిపోయింది. ఎంగిలాకులు ఎత్తేశారు. తాత ఒక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా మూడు ఇస్తరాకులు, మూడూ ఖాళీగా.

ఓబులేసు కడవ తొట్టిలో వంచాడు. మద్దిలేటి చెంబు మూతి గుడ్డ విప్పి, ఆ నీళ్లూ అందులోనే పోశాడు.

ఓబులేసు దూది లాగేసి, కాడ నోట్లోంచి తీశాడు. గాలి ఛాతీ నిండా వచ్చిపడింది. అది ఎంత హాయిగా ఉందంటే, అతనికి సిగ్గేసింది. పక్కనే మద్దిలేటి గుంజకు ఆనుకుని, చెట్ల వైపు చూస్తూ ఇంకా ఊదుతూనే ఉన్నాడు.

ఓబులేసు ఆముదపు కాడ చేత్తో పట్టుకుని తాత ముందు నిలబడ్డాడు.

"దీన్నేం చేయాల తాతా?"

"పారెయ్యి నాయనా," అన్నాడు తాత. "నీదైతే పారెయ్యొచ్చు."