పందెపు గుర్రానికి మేత

వెనకటికి మల్లవరం జమీందారుకు పందేల్లో పేరు తెచ్చిపెట్టిన గుర్రం ఒకటి ఉండేది. వయసు మళ్లి, నాలుగేళ్లుగా ఓడిపోతూ వస్తోంది. దాన్ని వదిలించుకుందామని, బండి తోలుకుని బతికే గవరయ్యను ఆయన పిలిపించారు.

"ఒరే, నీ ఎద్దుల జత నాకిచ్చి ఈ గుర్రాన్ని తోలుకుపో. ఇంత గుర్రం ఈ చుట్టుపక్కల ఎవరింటా లేదు," అన్నారు.

ఎద్దులు పోతే గవరయ్య ఇంట్లో పొయ్యి వెలగదు. ఇవ్వనంటే ఊళ్లో ఉండనివ్వరు.

"దీన్ని మేపడానికి ఏపాటి ఖర్చవుతుంది బాబూ?" అని మెల్లగా అడిగాడు.

"నీ ఎద్దులకయ్యేదే. గింజ కూడా ఎక్కువ కాదు."

రోజూ ఆ గుర్రానికి ఉలవలూ బెల్లమూ పెట్టి, కాళ్లకు తైలం రాసే గుర్రాలవాడు పక్కనే ఉన్నాడు. ఆ మాటకు వాడు తల దించుకోవడం గవరయ్య చూశాడు.

"చిత్తం బాబూ. అలాగే మార్చుకుందాం. ఎద్దులు మీ దగ్గరున్నా సరే, వాటి ఖర్చు నేనే పెట్టుకుంటాను. గుర్రం నా దగ్గరున్నా దాని ఖర్చు మీరు పెట్టుకోండి. రెండూ ఒకటే కాబట్టి ఎవరికీ నష్టం లేదు."

జమీందారు చిక్కులో పడ్డారు. ఒప్పుకుంటే ఖర్చు వదలదు, కాదంటే తన మాటే అబద్ధమవుతుంది.

"నీ ఎద్దుల్ని నువ్వే ఉంచుకో," అన్నారు చివరికి. "మరి దీన్నెవరు తీసుకుంటార్రా?"

"తీసుకున్నా మాలాంటివాళ్లం బతికించలేం బాబూ. పరుగెత్తినన్నాళ్లూ పేరు మీకే తెచ్చింది. ఇప్పుడు ఇంకెవరి ముఖం చూస్తుంది?"

జమీందారు లేచి గుర్రం దగ్గరికి వెళ్లారు. చాలా రోజుల తర్వాత దాని మెడ మీద చెయ్యి వేశారు.