అమ్మవారి డోలు, కాకతువ్వ గూడు

అనగా అనగా, సముద్రం నడిమధ్య ఒక దీవి ఉండేది. దానికి రణకేతుడని ఒక రాజు. దీవి నిండా కాకతువ్వలు. అవేమిటంటారా? పాలనురుగులాంటి తెల్లటి ఒళ్ళు, నెత్తిన పసుపుపచ్చ తురాయి ఉండే చిలుకలు, పిల్లలూ!

అక్కడ ఏటేటా అమ్మవారి జాతర. జాతరకొక కొత్త డోలు. ఆ డోలుకొక నియమం ఉంది. లోపల ఉలి తగలకూడదు. ముసలి మాను తనంతట తాను తొర్రపడాలి. దాన్ని కోసి తోలు బిగించాలి. డోలు మోగగానే కాకతువ్వలు గుంపుగా లేచి ఊరేగింపు మీదుగా ఎగిరేవి. ఎగిరితే అమ్మ పూజ అందుకున్నట్టే.

ఒక ఏడు పిట్టలు పలచబడ్డాయి.

"డోలు చిన్నదైంది ప్రభూ, అమ్మకు వినపడలేదు" అన్నాడు పూజారి సోమయాజి.

మరుసటి ఏడు పెద్ద మాను కొట్టారు. పిట్టలు ఇంకా తగ్గాయి. ఆ పై ఏడు ఇంకా పెద్దది కొట్టారు. ఈసారి ఏదో ఒకటీ అరా ఎగిరాయి, అంతే.

"అమ్మకేమైనా చెవుడా, పంతులూ?" అని రాజు విసుక్కుని, వెంటనే చెంపలు వేసుకున్నాడు. "అన్నిటికన్నా పెద్ద మాను వెతికించండి!"

దీవిలో తొర్రపడ్డ మాను ఇక ఒక్కటే మిగిలింది. అందులో ధవళ అనే కాకతువ్వ గుడ్డు మీద కూర్చుని ఉంది. కాకతువ్వలు తొర్రల్లోనే గుడ్లు పెడతాయి కదా, ఆ మాను పోతే ఆ గుడ్డుకు మరో చోటు లేదు.

డోళ్ళు చేసే దాలయ్య గొడ్డలి పట్టుకుని వచ్చాడు.

"ఎగిరిపో పిట్టమ్మా. గొడ్డలికి కళ్ళుండవు."

"నీకున్నాయి కదా మామా! ఒక్కసారి లోపలికి చూడు."

చూశాడు. గొడ్డలి దించాడు. "నేనేం చేసేది తల్లీ, రాజాజ్ఞ! నేను కాదంటే ఇంకొకడొస్తాడు."

"రాజుతో నేను మాట్లాడొస్తా. అందాకా ఆగు."

మగడిని గుడ్డు మీద కూర్చోబెట్టి, ధవళ సభకు ఎగిరింది. సోమయాజి ఉత్తరీయం విదిలించాడు. "హుష్! సభలోకి పిట్టలా?"

"రాలేదని ఏడ్చారు. వస్తే తోలుతున్నారు!" అంది ధవళ.

రాజు నవ్వాడు. సంగతి విని, "ఆ మాను వదిలెయ్. నీకు బంగారు పంజరం చేయిస్తాను" అన్నాడు.

"పంజరంలో నేనుంటాను ప్రభూ. నా పిల్లల పిల్లలు ఎక్కడుంటారు? మావాళ్ళు ఎందుకు రావడం లేదో చూపిస్తాను, పాత డోళ్ళ దగ్గరికి రండి."

గుడి కొట్టుగదిలో డోళ్ళ తోళ్ళు విప్పించారు. రాజు మొదటిదాంట్లో చెయ్యి పెట్టాడు. మెత్తటి ఈకలు చేతికొచ్చాయి. రెండోదాంట్లో పెట్టాడు. గోటి గీతలు తగిలాయి. మూడోదాంట్లోంచి గుడ్డు పెంకు ముక్క ఊడి వచ్చింది.

"నేను పుట్టింది ఇందులోనే" అంది ధవళ.

రాజు ఆ పెంకును అరచేతిలో పెట్టుకుని చూశాడు. "పిల్లల ఇళ్ళు కూల్చి తల్లిని పిలిచానా!" అన్నాడు. "ఊరంతా మొక్కలు నాటిస్తాను. ఎప్పటికి తొర్రపడతాయి?"

"మీ మనవడి మనవడు ముసలివాడయ్యేనాటికి."

"అంటే నేను చూడను."

అబద్ధం చెప్పి మెప్పు పొందవచ్చు. ధవళ చెప్పలేదు. "చూడరు ప్రభూ. అయినా నాటండి. ఉన్న మానును ముట్టకండి."

ఆ ఏటి జాతరకు డోలు లేదు. జనంలో కొందరు అమ్మవారి విగ్రహాన్ని మోస్తూ, మిగతావాళ్ళు చప్పట్లు కొడుతూ ధవళ ఉన్న మాను కింద ఆగారు. తొర్రలోంచి ఆమె అన్నీ వింటూనే ఉంది. కడుపు కింద పెంకు సన్నగా చిట్లుతోంది. ఆమె కదల్లేదు.

సోమయాజి ఆకాశం వైపు చూశాడు. "ఒక్క పిట్టైనా ఎగరలేదు ప్రభూ! అపశకునం!"

రాజు పాగా తీసి, మానుకు నమస్కరించాడు.

"గట్టిగా అరవకు పంతులూ. తల్లి గుడ్డు మీద కూర్చుంది. ఇవాళ ఎగరకపోవడమే అమ్మ మనల్ని క్షమించినట్టు."

కాబట్టి పిల్లలూ, సాటి ప్రాణి గూడు కూల్చి చేసే పూజ ఏ దేవుడికీ చేరదు. ఆ గూడు నిలబెట్టినవాడు చేతులు జోడించకపోయినా అతని పూజ చేరుతుంది.