నూకరత్నం వంతు

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆటస్థలం అందరిదీ అన్నారు గానీ, ఆ అందరిలో ఎవరెవరున్నారో ఎవరూ చెప్పలేదు. మిగతా గొడవంతా అక్కణ్ణించే వచ్చింది.

ఇది మీ తాతలు పుట్టకముందు సంగతి, వాళ్ళ తాతలు పుట్టిన తర్వాతి సంగతి. ఆ మధ్యలో ఎప్పుడో అనుకోండి. సముద్రం పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో మూడు పార్కులు. ఒకటి రేవు పార్కు, ఒకటి కొండ పార్కు, ఒకటి గడియారం పార్కు. పార్కుకొక ఆటస్థలం.

ఆ ఊరివాళ్ళకి కర్రబంతి అంటే పిచ్చి. ఇప్పుడు దాన్నే బేస్‌బాల్ అంటున్నారు. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు కర్రతో కొడతాడు. కొట్టినవాడు కర్ర పారేసి పరుగెత్తాలి. నాలుగు మూలల్లో నాలుగు దిమ్మలుంటాయి. మూడు దిమ్మలూ తాకి, బయల్దేరిన దిమ్మకి తిరిగొస్తే ఒక చుట్టు. మధ్యలో ఎవడైనా బంతిని ఒంటికి తాకించాడా, అవుట్. విసిరిన మూడు బంతులూ కొట్టలేకపోయినా అవుట్. అంతే ఆట.

దిమ్మకీ దిమ్మకీ మధ్య గీత ఉండాలి కదా. ఆ గీతలు వేసేది నూకరత్నం, తల నెరిసిన మనిషి. తెల్లవారేసరికి నీళ్ళు చల్లేది, ఊడ్చేది, ముగ్గుపిండితో గీతలు వేసేది. రేవు పార్కులో వేసి, కొండ పార్కులో వేసి, గడియారం పార్కులో వేసేది. నడుం వంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ వేసేది. అంటే చూడండి, రోజూ మూడు స్థలాల్లో నాలుగు దిమ్మలూ చుట్టిన మనిషే. కాకపోతే వంగి చుట్టింది, వెనక్కి చుట్టింది. నిటారుగా, ముందుకి, పరుగెత్తుతూ ఒక్కసారి చుట్టలేదు.

ఆవిడకి కాలు నిలవదు. గీతలైపోయాక ఇంటికి పోవచ్చు. పోయేది కాదు. గోడ పక్కన నిలబడి ఆట చూసేది. కుడికాలి మీద కాసేపు, ఎడమకాలి మీద కాసేపు.

గోడ పక్కనే శనగలమ్మే ఎర్రయ్యమ్మ నవ్వేది. "ఓలె రత్నం, ఏటే ఆ కాళ్ళు? చీమలు పాకుతున్నాయేటి?"

"ఒక్కసారి కొట్టాలే, వదినా."

"ఎవర్ని?"

"బంతిని."

ఎర్రయ్యమ్మ శనగలు వేయించడం ఆపి మరీ నవ్వింది.

ఒకరోజు నూకరత్నం రేవు జట్టుని అడిగింది. ఆ జట్టు పెద్ద దాలినాయుడు, ఓడల్లో మూటలు మోసే మనిషి, భుజాలు రెండు తలుపుల్లా ఉండేవి. "నాయుడూ, నాకొక వంతు ఇవ్వు."

"నువ్వు ముగ్గు వెయ్యి పిన్నీ, మేం తొక్కుతాం," అన్నాడు దాలినాయుడు. జట్టంతా నవ్వింది.

కొండ పార్కులో కాలేజీ జట్టుని అడిగింది. "నువ్వు ఏ జట్టమ్మా?" అన్నారు. "ఏ జట్టూ కాదు బాబూ." "మరి ఎవరి వంతులోంచి ఇవ్వాలి?" అన్నారు.

గడియారం పార్కులో కొట్లవాళ్ళ జట్టుని అడిగింది. "ఆటయ్యాక చూద్దాం," అన్నారు. ఆటయ్యాక కర్రా బంతీ పట్టుకుని ఇళ్ళకి పోయారు.

కాలు నిలవలేదు. ఇంట్లో కూర్చుంటే లేచేది, లేస్తే నడిచేది, నడిస్తే మళ్ళీ పార్కు ముందు తేలేది. అలా ఎన్నాళ్ళు తిరుగుతుంది? ఒక తెల్లవారుజామున మూడు పార్కుల్లోనూ నీళ్ళు చల్లింది, ఊడ్చింది. ముగ్గు మాత్రం వెయ్యలేదు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. మన వాకిట్లో ముగ్గు ఎప్పుడు ఉండదు? ఇంట్లో మనిషి పోయినప్పుడు. ఆ ఊళ్ళోనూ అంతే. పొద్దున్నే పాలు తెచ్చేవాళ్ళు, చేపలు తెచ్చేవాళ్ళు రేవు పార్కు లోపలికి చూశారు. ఊడ్చి ఉంది. తడిపి ఉంది. ముగ్గు లేదు.

"ఎవరు పోయారు?" అని ఒకరు. "రేవు జట్టులో ఎవరో," అని ఇంకొకరు. "ఎవరో ఏటి, దాలినాయుడే," అని మూడోవారు. సూర్యుడు గోడ ఎక్కేలోపల కబురు పక్క ఊరికి పోయింది. దాలినాయుడి అత్తగారు బండి కట్టించుకుని, గుండెలు బాదుకుంటూ దిగింది. అల్లుడు అరుగు మీద కూర్చుని చద్దన్నం తింటున్నాడు.

"బతికే ఉన్నావా బాబూ?" అంది ఆవిడ.

"ఉన్నానత్తా. ఏం?"

"ఏం లేదు. ఆ ఉల్లిపాయ ఇలా ఇయ్యి, పరుగున వచ్చాను, ఆకలేస్తోంది."

కొండ పార్కు పిల్లల ఇళ్ళకీ పరామర్శలు వచ్చాయి. కొట్లవాళ్ళకైతే పొద్దున బేరాలే లేవు, చావు జరిగిన కొట్లో ఎవరు కొంటారు? పోనీ ఆటైనా సాగిందా అంటే అదీ లేదు. గీత లేకపోతే బంతి లోపల పడిందో బయట పడిందో ఎవరు చెప్పాలి? మూడు పార్కుల్లోనూ కొట్టుకున్నారు.

దాలినాయుడు నూకరత్నం ఇంటికొచ్చాడు. కోపంగా వచ్చాడు. "ఏటి పిన్నీ, నన్ను చంపేశావు?"

"నేను చంపలేదు. ముగ్గు వెయ్యలేదు."

"ఎందుకు?"

"నా వంతు ఇస్తే వేస్తాను."

తిట్టి పోయాడు. మర్నాడూ ముగ్గు లేదు. మళ్ళీ వచ్చాడు. ఈసారి మూడు జట్ల తరఫునా కొత్త చీర తెచ్చాడు. నూకరత్నం చీర అంచు పట్టుకు చూసింది. "బాగుంది. మీ అత్తకి పెట్టు, పాపం ఏడుస్తూ వచ్చింది," అంది.

ఆ మర్నాడూ ముగ్గు లేదు. మూడోసారి వచ్చాడు. కోపం లేదు, చీర లేదు, చెప్పులు కూడా బయటే విడిచాడు.

"పోనీ పిన్నీ, ఒప్పుకున్నాం. రేపు రా. కొట్టు, పరుగెత్తు, నాలుగు దిమ్మలూ చుట్టు. నిన్నెవరూ ఏమీ అనరు. ఆటలో అరటిపండు అనుకుంటాం."

ఆటలో అరటిపండు ఎవరో మీకు తెలుసు. ఇంట్లో అందరికంటే చిన్నపిల్ల. ఏడుస్తుందని ఆటలోకి రానిస్తారు. అందరితోపాటు పరుగెడుతుంది. దాన్ని ఎవరూ అవుట్ చెయ్యరు. దాని చుట్టు ఎవరూ లెక్కపెట్టరు.

నూకరత్నానికి కాళ్ళు గుంజాయి. ఇన్నాళ్ళు అడిగింది ఇదే కదా. కర్ర ఇస్తామంటున్నారు, దారి ఇస్తామంటున్నారు. గుమ్మంలో నిలబడి వింటున్న ఎర్రయ్యమ్మ మోచేత్తో పొడిచింది. "ఒప్పుకోవే. వాళ్ళు మళ్ళీ మాట మారిస్తే?"

నూకరత్నం అడిగింది, "నన్ను అవుట్ చేస్తావా, నాయుడూ?"

"చెయ్యను పిన్నీ. ఒట్టు."

"అయితే రాను."

దాలినాయుడు ఎర్రయ్యమ్మ వైపు చూశాడు. ఎర్రయ్యమ్మ ఆకాశం వైపు చూసింది.

"అవుట్ చెయ్యకపోవడమేటి? నేనేమైనా పాలు తాగే పిల్లనా? విసిరితే గట్టిగా విసురు. పరుగెడితే వెంటపడు. అందితే అవుట్ చెయ్యి. అందకపోతే నా చుట్టు లెక్కపెట్టు. అలాగైతే వస్తాను. లేకపోతే నీ చావు ఇంకా కొన్నాళ్ళు సాగనీ."

దాలినాయుడు చాలాసేపు మెడ గోక్కున్నాడు. "సరే. అవుట్ చేస్తాను. తర్వాత నన్ను అనకూడదు."

"అనను."

మర్నాడు రేవు పార్కులో ముగ్గు తెల్లగా మెరిసింది. మూడు జట్లూ వచ్చాయి. ఊరూ వచ్చింది, చనిపోయిన నాయుణ్ణి చూడ్డానికి కొందరు, పరుగెత్తే ముసలమ్మని చూడ్డానికి కొందరు. నూకరత్నం చీర కుచ్చెళ్ళు వెనక్కి దోపి కచ్చ బిగించింది. కర్ర అందుకుంది.

మొదటి బంతి చెవి పక్కనుంచి పోయింది. నవ్వారు. రెండో బంతికి కర్ర ఊపింది, తగల్లేదు. ఇంకా నవ్వారు. మూడో బంతి తగిలింది. కొట్లవాళ్ళ తలల మీదుగా పోయి గోడ కింద పడింది. అప్పుడు నవ్వలేదు.

పరుగెత్తింది. మొదటి దిమ్మ. ఈ దారిలో ముందుకి చూస్తూ పోవడం ఇదే మొదలు. ముగ్గు చెదిరి కాళ్ళకి అంటుకుంటోంది. రెండో దిమ్మ. ఎవరో బంతి తీశారు, ఎవరో విసిరారు. మూడో దిమ్మ దగ్గర దాలినాయుడు బంతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వదిలెయ్ నాయుడూ," అని అరిచారు జనం. కొండ జట్టు అరిచింది, కొట్ల జట్టు అరిచింది, ఆయన సొంత అత్తగారు అరిచింది.

దాలినాయుడు నూకరత్నం మొహం చూశాడు. వంగి, బంతిని ఆవిడ భుజానికి తాకించాడు. "అవుట్," అన్నాడు.

నూకరత్నం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది. ఏడుస్తుందేమో అనుకున్నారు.

"దిమ్మ ఎంత దూరంలో పోయింది, నాయుడూ?"

"మూరెడు, పిన్నీ."

"మూరెడేనా?" అంది. నవ్వింది. ఆ ఊళ్ళో ఆవిడ నవ్వడం చాలామంది అప్పుడే చూశారు.

అందరూ ఒక్కసారిగా మొదలుపెట్టారు. "తూచ్, తూచ్. ఇది లెక్కలోకి రాదు. మళ్ళీ ఆడు." కొండ పార్కు పిల్లలు కర్ర తెచ్చి చేతికిచ్చారు. ఆవిడ ఆ కర్రని తర్వాతి వంతువాడికి ఇచ్చి గోడ దగ్గరికి పోయింది.

ఆ తర్వాత నూకరత్నం బతికినన్నాళ్ళు రోజూ ఒక వంతు ఆడింది. చుట్టు ఎప్పుడైనా పూర్తి చేసిందా అంటే, రేవు పార్కువాళ్ళు చేసిందంటారు, గడియారం పార్కువాళ్ళు లేదంటారు. ఆ మాట మీద ఇప్పటికీ తగువే. ఆవిడ పోయాక మాత్రం మూడు పార్కుల్లోనూ ఒక పద్ధతి మిగిలింది. పొద్దున ఆట మొదలయ్యేముందు గోడ దగ్గర నిలబడ్డవాళ్ళలో ఒకరిని పిలుస్తారు. పాలమ్మే ఆవిడ కావచ్చు, కాపలావాడు కావచ్చు, రైలు దిగి దారి తప్పినవాడు కావచ్చు. "రండి, నూకరత్నం వంతు," అంటారు. బంతి గట్టిగానే విసురుతారు. అందితే అవుటే. జాలిపడి వదిలేసినవాణ్ణి ఆ రోజుకి ఆటలోంచి తీసేస్తారు.

వచ్చినవాళ్ళకి ఒక్క వంతే ఇస్తారు. ఎందుకంటే తూచ్ అంటూ ఊరంతా కర్ర చేతికిచ్చిన ఆ రోజున, ఆ గోడ దగ్గరికి నడుస్తూ నడుస్తూ, రోజుకి ఒక్క వంతే, జాలితో ఇచ్చే రెండో వంతు ఎన్నడూ తీసుకోకూడదని నూకరత్నం అనుకుంది. తీసుకోలేదు.